ఫొటో వేసిన ఊరికి మళ్లీ ఒకసారి వెళ్లండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో చూశాను. ఒక విదేశీ కంపెనీ వాళ్లు ప్రభుత్వ పాఠశాలకు బెంచీలు, తాగునీటి ఫిల్టరు ఇచ్చారు. వెనక ఫ్లెక్సీ, ముందు అధికారులు, వాళ్ల మధ్య ఎండకు కళ్లు చికిలించుకుని నిలబడ్డ పిల్లలు. కింద ‘సామాజిక బాధ్యతలో భాగంగా’ అని రాశారు. చాలామంది ఆ ఫొటో చూసి పేజీ తిప్పేసి ఉంటారు. నేను తిప్పలేకపోయాను. అలాంటి ఫొటోల వెనక లెక్కలు రాసినదాన్ని నేను.

ఒక విదేశీ సంస్థకు మన దేశంలో ఉన్న అనుబంధ కంపెనీలో, అకౌంట్స్ విభాగంలో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. చివరి ఎనిమిదేళ్లు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చుల ఫైళ్లన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. మూడేళ్ల కిందట రిటైరయ్యాను. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే అందరూ ఆ ఒక్కరినే తప్పుపట్టి ఊరుకుంటారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క కంపెనీతో ఆగే విషయం కాదు.

ముందే ఒక మాట చెప్పాలి. విదేశీ పెట్టుబడి అంటే నాకు వ్యతిరేకత లేదు. 1991 జులైలో వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం 34 ప్రాధాన్య పరిశ్రమల్లో 51 శాతం దాకా విదేశీ వాటాకు, ప్రభుత్వ ఆమోదం కోసం విడిగా ఆగక్కర్లేని ఆటోమేటిక్ అనుమతి ఇచ్చింది. నాకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఆ తలుపు తెరుచుకున్నాకే వచ్చింది. ఇప్పుడు తయారీ రంగంలో చాలా వాటికి 100 శాతం వాటా కూడా ఆటోమేటిక్ దారిలోనే వస్తోంది. ఆ జీతంతోనే మేం ఇల్లు కట్టుకున్నాం, మా పిల్లలు చదువుకున్నారు. ఐటీఐ చదివి మా షాప్ ఫ్లోర్‌లో చేరిన కుర్రాళ్లు కొత్త మెషీన్లు నేర్చుకుని ఇవాళ వేరే కంపెనీల్లో సూపర్‌వైజర్లుగా ఉన్నారు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టాక, కరువుకు మారుపేరైన అనంతపురం పేరు వేరే రకం వార్తల్లో వినిపించింది. కంపెనీలు రావాలి. వచ్చిన కంపెనీ బాధ్యతను మనం ఎక్కడ వెతుకుతున్నాం అన్నదే నా బాధ. ఫ్లెక్సీ ముందు వెతుకుతున్నాం. అది ఉండేది ఫ్యాక్టరీ గోడ లోపల, ఆ గోడకు ఆనుకుని ఉన్న ఊళ్లో.

చట్టం ఏం చెబుతుందో కొంచెం రాస్తాను, తెలియని పాఠకులు ఉంటారు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. విదేశీ కంపెనీ ఇక్కడ బ్రాంచి ఆఫీసో, ప్రాజెక్టు ఆఫీసో పెట్టినా ఇదే నియమం. మొదట్లో ఖర్చు పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో రిపోర్టులో రాస్తే సరిపోయేది. 2021 జనవరి నుంచి అలా కుదరదు. మిగిలిన డబ్బు నడుస్తున్న ప్రాజెక్టుదైతే ప్రత్యేక ఖాతాలో వేయాలి, లేదంటే ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి వాటికి జమ చేయాలి. చేయకపోతే జరిమానా. ఇది మంచి మార్పే. ఆ చట్టం వల్ల ఊళ్లకు డబ్బు వచ్చింది, కాదనను. మా కంపెనీ డబ్బుతో కట్టిన ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఇప్పటికీ బాగా నడుస్తోంది. దాన్ని తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది.

అయితే ఆ 2 శాతం ఎలా ఖర్చవుతుందో దగ్గర నుంచి చూశాను. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఆఫీసులో టెన్షన్ మొదలయ్యేది. ఏడాదంతా ఫైలు అటూ ఇటూ తిరిగేది. ఇక్కడి కమిటీ ఓకే అన్నాక విదేశంలోని హెడ్డాఫీసు నుంచి మెయిల్ రావాలి. ఆ మెయిల్ వచ్చేసరికి ఆర్థిక సంవత్సరం ఐదారు వారాలే మిగిలేది. ఐదు వారాల్లో ఏం చేయగలం? కొనగలం. బెంచీలు, కంప్యూటర్లు, కుట్టు మిషన్లు, ఆర్వో ప్లాంట్లు. బిల్లు వస్తుంది, డబ్బు ఖర్చయిందని యుటిలైజేషన్ సర్టిఫికెట్ వస్తుంది, ఫొటో వస్తుంది. ఆ కంప్యూటర్లు నేర్పించే టీచరుకు మూడేళ్లు జీతం ఇవ్వాలంటే మార్చి 31 లోపు బిల్లు రాదు. అందుకని ఆ జీతం గురించి అడిగేవాళ్లు ఉండరు. చట్టం అడ్డమా అంటే అదీ కాదు. మొదలుపెట్టిన ఏడాది పోను ఇంకో మూడేళ్లు నడిచే ప్రాజెక్టులకు అందులోనే చోటుంది. మా వాళ్లకే ఓపిక లేకపోయింది.

ఇది విదేశీ కంపెనీలకే అంటిన జబ్బు కాదని కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు పాఠశాలల్లో కట్టించిన మరుగుదొడ్లను, ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ తనిఖీ చేసి 2020లో పార్లమెంటుకు నివేదిక ఇచ్చింది. చూసిన వాటిలో 72 శాతం మరుగుదొడ్ల లోపల నీటి సదుపాయం లేదు. కొన్ని అసలు కట్టనే లేదు. పనిచేయించే పద్ధతి ఒకటే అయినప్పుడు ఓనరు ఎవరైనా ఫలితం అలాగే ఉంటుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం.

మా ఫ్యాక్టరీకి దిగువన ఒక ఊరు ఉంది. వానాకాలంలో మా ప్రహరీ పక్కనుంచి పోయే వాగు నీళ్లే ఆ ఊరి చెరువులోకి వెళతాయి. బోరు నీళ్లు రంగు మారాయని, బిందె అడుగున పసుపుపచ్చ పొర కడుతోందని ఊరివాళ్లు రెండుసార్లు మా గేటు దగ్గరికి వచ్చారు. మా వల్లే అని రుజువు లేదు. రుజువు ఎందుకు లేదంటే, ఆ నీళ్లు ఎవరూ పరీక్ష చేయించలేదు. ఫ్యాక్టరీ వ్యర్థ జలాలను శుభ్రం చేసే ఈటీపీకి వేరే కరెంటు మీటరు ఉండేది. ఆ బిల్లులు నా దగ్గరికే వచ్చేవి. ఉత్పత్తి బాగా పెరిగిన నెలల్లో మెషీన్ల కరెంటు పెరిగేది, ఈటీపీ మీటరు మాత్రం పెరిగేది కాదు. వ్యర్థాలు ఎక్కువైనప్పుడు వాటిని శుభ్రం చేసే కరెంటు కూడా పెరగాలి కదా? నాకు ఇంజనీరింగ్ రాదు, అంకెలు చదవడం వచ్చు. ఒకసారి ప్లాంటు వాళ్లను అడిగాను. “అది టెక్నికల్ విషయం మేడమ్, మీకెందుకు” అన్నారు. నేను మళ్లీ అడగలేదు. జీతం, పిల్లల ఫీజులు, అప్పటికి ఇంకా తీరని ఇంటి లోను, అన్నీ గుర్తొచ్చాయి. ఆ రోజు రెండోసారి అడగనందుకు ఇప్పటికీ కుమిలిపోతున్నాను.

ఆ ఏడాది మార్చిలోనే, సీఎస్ఆర్ కింద ఆ ఊరికి ఆర్వో ప్లాంటు ఇవ్వాలని నిర్ణయించారు. సీఎస్ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితా అయిన చట్టం ఏడో షెడ్యూల్లో ‘సురక్షిత తాగునీరు’ అని ఉంది. ఆ పద్దు కింద నేనే ఎంట్రీ వేశాను. పద్దు సరైనదే, ఆడిటరు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నిజంగా ఆ నీళ్లు మా వల్ల పాడయి ఉంటే, అది దానం కాదు, నష్టపరిహారం. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని సీఎస్ఆర్ లెక్కలో చూపకూడదని నిబంధనల్లోనే ఉంది. కానీ పరీక్షే చేయించనప్పుడు, అది ఏమిటో తేల్చేవాళ్లు ఎవరు?

ప్రారంభోత్సవానికి నన్ను కూడా పిలిచారు. రిబ్బన్ కత్తిరించడం, చప్పట్లు, ఫొటోలు అయ్యాయి. అందరూ కార్ల వైపు నడుస్తుంటే ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. “మిషను పెట్టారు, సంతోషమమ్మా. మా బోరు నీళ్లు మళ్లీ ఎప్పుడు బాగవుతాయి?” అని అడిగింది. కోపంగా అడగలేదు. నాకు తెలుసేమో అనుకుని అడిగింది. కనుక్కుని చెప్తానమ్మా అన్నాను. చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆ ఊరు మీదుగా వెళుతూ ఆగాను. ఆర్వో గదికి తాళం ఉంది. నీళ్లు వడకట్టే మెంబ్రేన్లు పాడయ్యాయి, మార్పించడానికి పంచాయతీ దగ్గర డబ్బు లేదు. ఆపరేటరు కుర్రాడికి జీతం ఎవరివ్వాలో మా ఒప్పందంలో రాయలేదు, వాడు వేరే పని చూసుకున్నాడు. మా వార్షిక నివేదికలో మాత్రం ఆ ఊరి జనాభా మొత్తం ‘లబ్ధిదారులు’గా అచ్చయి ఉంది. ఆ అంకె టైపు చేసింది కూడా నేనే. సగటు సీఎస్ఆర్ బాధ్యత 10 కోట్లు దాటిన కంపెనీలు, కోటి రూపాయలు దాటిన ప్రాజెక్టులకు మాత్రమే బయటివాళ్లతో ప్రభావ అంచనా, అంటే ఆ పని వల్ల నిజంగా ఏం మారిందో పరిశీలన, చేయించాలి. మా ఆర్వో ప్లాంటు లాంటి చిన్న పనుల దగ్గరికి మళ్లీ ఎవరూ వెళ్లక్కర్లేదు.

ఇంకో సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడింది. దక్షిణ కొరియాలోని ఎల్జీ కెమ్‌కు చెందిన ఫ్యాక్టరీ అది. లాక్‌డౌన్‌తో ఆగి ఉన్న ప్లాంటులో, ట్యాంకులో వేడి పెరిగిపోయింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్న జనాన్ని లేపాల్సిన సైరన్ మోగలేదు. రోడ్డు మీద పడిపోయిన మనుషుల్ని, కట్టుకొయ్య దగ్గరే కూలిపోయిన పశువుల్ని ఆ రోజంతా టీవీలో చూస్తూ కూర్చున్నాను. నాకు మా ఫ్యాక్టరీ సైరనే గుర్తొచ్చింది.

ఎందుకంటే, దిగువ ఊరికి వినపడేంత పెద్ద సైరన్ కావాలని మా సేఫ్టీ విభాగం అప్పటికి రెండేళ్లుగా అడుగుతూ ఉంది. దాని కొటేషన్ నా ఫైల్లోనే ఉండేది. ఆర్వో ప్లాంటుకు అయిన ఖర్చులో సగం కూడా కాదు. ఒక మీటింగులో “దాన్ని సీఎస్ఆర్ కింద వేయలేమా?” అని అడిగారు. కుదరదు, అది ఫ్యాక్టరీ తప్పనిసరిగా చేయాల్సిన పని అని నేనే చెప్పాను. “అయితే వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దాం” అన్నారు. విశాఖ ప్రమాదం జరిగిన నెలలోపే ఆ సైరన్ వచ్చేసింది. అంతకు ముందు ఒక్క రాత్రి మా ట్యాంకుకు ఏదైనా అయి ఉంటే? సైరన్‌కు రిబ్బన్ కత్తిరించరు. ఏ పత్రికలోనూ దాని ఫొటో రాదు. ఊరికి అన్నిటికంటే అవసరమైనది మాత్రం అదే.

భోపాల్ నుంచి మనం నేర్చుకున్న పాఠం ఇదే కదా. 1984 డిసెంబరు 2 రాత్రి మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు లీకైన యూనియన్ కార్బైడ్ ఇండియాలో అమెరికా మాతృ సంస్థకు 50.9 శాతం వాటా ఉంది. 1989లో 47 కోట్ల డాలర్లకు కేసు రాజీ అయింది. అది చాలదంటూ అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది. ఆ ఘోరం తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పదార్థాల గురించి, ప్రమాదం జరిగితే ఏం చేయాలన్న దాని గురించి కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా చెప్పాలని రాశారు. మా దిగువ ఊళ్లో ఎవరికైనా మా ట్యాంకుల్లో ఏముందో తెలుసా? నేను పనిచేసిన ఇరవై ఏడేళ్లలో మా వాళ్లెవరైనా ఆ ఊరికి వెళ్లి చెప్పినట్టు నాకు తెలియదు. బెంచీలు మాత్రం రెండుసార్లు ఇచ్చాం.

2 శాతం అనే లెక్క గురించి కూడా ఒక అకౌంటెంట్‌గా చెప్పాలి. అది అమ్మకాల మీద కాదు, లాభం మీద. విదేశీ కంపెనీ ఇక్కడి అనుబంధ సంస్థ నుంచి బ్రాండుకు, టెక్నాలజీకి రాయల్టీ తీసుకుంటుంది, మేనేజ్‌మెంట్ ఫీజు తీసుకుంటుంది, విడిభాగాలు తన దగ్గరే కొనిపిస్తుంది. ఒకప్పుడు ఆటోమేటిక్ దారిలో రాయల్టీకి హద్దు ఉండేది, దేశంలో అమ్మకాల మీద 5 శాతం, ఎగుమతుల మీద 8 శాతం. 2009 డిసెంబరులో ఆ హద్దు తీసేశారు. ఉదాహరణకు ఒక కంపెనీకి ఇవన్నీ కట్టకముందు 100 కోట్లు లాభం అనుకుందాం. 40 కోట్లు రాయల్టీ, ఫీజుల కింద బయటికి వెళితే లాభం 60 కోట్లు. సీఎస్ఆర్ 2 కోట్ల నుంచి కోటీ 20 లక్షలకు దిగుతుంది. పోయిన 80 లక్షలు చిన్న విషయం. ఆ 40 కోట్ల మీద రావాల్సిన కార్పొరేట్ పన్నులోంచి, రాయల్టీ మీద కోసే పన్నును తీసేసి చూసినా, తేడా కోట్లలో ఉంటుంది. పాఠశాలకు టీచర్లను, ఆస్పత్రికి నర్సులను ఇచ్చేది ఆ పన్ను డబ్బే. ఇది నేరమని నేను అనడం లేదు. చట్టం ఒప్పుకున్న హద్దుల్లోనే జరగొచ్చు, నిజమైన టెక్నాలజీకి నిజమైన ధరే కావచ్చు. కానీ బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు కంపెనీ ఇక్కడ ఎంత పన్ను కట్టింది, బయటికి ఎంత పంపింది అన్న రెండు అంకెలు చెప్పకుండా బెంచీల సంఖ్య ఒక్కటే చెప్తే, అది సగం లెక్క కూడా కాదు.

లాభం లేని ఏడాది సీఎస్ఆర్ తగ్గిపోతుంది, వాగులో కలిసే నీళ్లు తగ్గవు. కంపెనీ వెళ్లిపోతే ఇంకా కష్టం. శ్రీపెరంబుదూరులో 2006లో మొదలైన నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబరులో మూతపడింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పెట్టుబడి వస్తుంది, పోతుంది, అది వ్యాపారం. ఊరికి మిగిలేది దాని భూగర్భ జలం, దాని కుర్రాళ్లు నేర్చుకున్న పని. ఈ రెండూ బాగుండేలా చూడటమే కంపెనీ ఉన్నన్నాళ్లూ చేయాల్సిన సామాజిక బాధ్యత అని నేను నమ్ముతున్నాను.

మాతృ సంస్థలు ‘అది అక్కడి కంపెనీ చూసుకుంటుంది, మాకు సంబంధం లేదు’ అని తప్పుకునే రోజులు మెల్లగా మారుతున్నాయి. జాంబియాలో చింగోలా దగ్గర రాగి గని వ్యర్థాల వల్ల తమ నీళ్లు, పొలాలు పాడయ్యాయని 1,826 మంది గ్రామస్థులు లండన్‌లో వేదాంత మీద కేసు వేశారు. మన భారతీయులు కట్టిన గ్రూపే అది, జాంబియాకు అది విదేశీ పెట్టుబడి. గని నడిపేది మా అనుబంధ సంస్థ, మేం కాదు అని వేదాంత వాదించింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో ఆ వాదన ఒప్పుకోలేదు, కేసు అక్కడే నడవొచ్చంది. కోర్టు చూపిన ఆధారాల్లో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. గ్రూపు మొత్తానికి పర్యావరణ ప్రమాణాలు మేమే పెడతాం, అవి అమలయ్యేలా మేమే చూస్తాం అని వేదాంత తన సొంత నివేదికల్లో రాసుకుంది. ఆ రాతనే కోర్టు తీసుకుంది. 2021లో ఆ కేసు రాజీ అయింది. నేను ఎనిమిదేళ్లు టైపు చేసిన అందమైన నివేదికలు కూడా ఎవరైనా చదివి, ఇందులో రాసింది చేశారా అని నిలదీసేవి అయి ఉంటే, మేం రాసేటప్పుడే జాగ్రత్త పడేవాళ్లం.

ఇక్కడ మాత్రం చదవడానికే దొరకవు. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు నీటి వాడకం, వ్యర్థాలు, కార్మికుల భద్రత వివరాలతో బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. మంచి నియమం. కానీ ఇది స్టాక్ ఎక్స్చేంజ్‌లో ఉన్న వాటికే. విదేశీ సంస్థ 100 శాతం వాటాతో నడిపే కంపెనీ చాలాసార్లు లిస్టు కాదు. మేమూ కాదు. ఎంత పెద్దదైనా, ఎన్ని ట్యాంకులున్నా ఆ నియమం దానికి తగలదు. ప్రభుత్వం భూమి, కరెంటు, పన్ను రాయితీలు ఇచ్చి ఆహ్వానించే కంపెనీలకు, లిస్టు అయినా కాకపోయినా, ఈ నివేదిక తప్పనిసరి చేయాలని కేంద్రాన్ని, మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలను కోరుతున్నాను. రాయితీ ఇచ్చేటప్పుడే ఒప్పందంలో ఆ షరతు రాయొచ్చు. ఆ ఒప్పందం పూర్తి పాఠం జనానికి దొరకాలి. ఎంత పెట్టుబడి, ఎన్ని ఉద్యోగాలు అన్న రెండు అంకెలు చెప్పి ఆగిపోకూడదు. ఆ ఉద్యోగాల్లో కాంట్రాక్టువి ఎన్ని, పర్మనెంటువి ఎన్ని అన్నది కూడా అందులో ఉండాలి. 135వ సెక్షన్లో కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో అది తప్పనిసరి కాదని, మార్గదర్శకం లాంటిదని వివరణ ఇచ్చింది. గోడ పక్క ఊరి విషయంలో అయినా దాన్ని తప్పనిసరి చేయాలి.

ఇక మీ పత్రికకు నా విన్నపం, సంపాదకుల వారూ. చిన్నప్పటి నుంచి పొద్దున్నే పేపరు చదివే అలవాటు నాది, మీ మాటకు ఊళ్లలో ఉన్న బలం నాకు తెలుసు. కంపెనీ పంపిన ప్రెస్ నోట్‌ను, ఫొటోను అలాగే వేయకండి. ఆ ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి ఏమిటి, షరతుల అమలుపై దాని ఆరు నెలల నివేదిక ఏమంటోంది, దిగువ ఊళ్లో బోరు నీళ్లు ఎప్పుడు పరీక్షించారు అని ఒక్క వాక్యం అదే వార్తలో రాయండి. కంపెనీ చెప్పకపోతే ‘చెప్పలేదు’ అని రాయండి. కొత్త ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలంటే కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో నోటీసు వేయాలని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. ఆ నోటీసు లోపలి పేజీలో సన్న అక్షరాలతో ప్రకటనగా వస్తుంది, పొలం పనికి వెళ్లే మనిషి కంట పడదు. దాన్ని వార్తగా, పెద్ద అక్షరాల్లో, ఏ ఊళ్లు ఆ ఫ్యాక్టరీ కిందికి వస్తాయో పేర్లతో సహా జిల్లా పేజీలో వేయండి. ఆ సమావేశంలో కంపెనీ ఏ హామీలు ఇచ్చిందో రాసి పెట్టుకోండి.

కంపెనీల్లో ఇప్పుడు పనిచేస్తున్న నాలాంటి అకౌంటెంట్లకు కూడా ఈ ఉత్తరం ద్వారా ఒక మాట చెప్పాలనుంది. ఈటీపీ మీటరు బిల్లు మీ టేబుల్ మీదికే వస్తుంది. ఉత్పత్తి రిజిస్టరు పక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి, రెండోసారి కూడా అడగండి.

నేను ఆలస్యంగానైనా ఒక పని చేశాను. ఆ ఊరి పరిసరాల్లో నీటి పరీక్షల వివరాలు ఇవ్వమని కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. అది పోస్టు చేసి వచ్చిన రోజే మీ పేపర్లో ఆ బెంచీల ఫొటో చూశాను. మా ఆర్వో ప్లాంటు ప్రారంభోత్సవం ఫొటో కూడా అప్పట్లో మీ జిల్లా పేజీలోనే వచ్చింది. ఆ కత్తిరింపు నా పాత ఫైల్లో ఉంది, వెనక వరసలో ఎడమ చివర నిలబడ్డది నేనే. మీ విలేకరి ఆ ఊరు వెళ్తానంటే తారీఖుతో సహా పంపిస్తాను. ఆర్వో గది బడి పక్కనే ఉంటుంది. ఆ ముసలావిడ ఉందో లేదో తెలియదు, ఉంటే ఆమెతో మాట్లాడమనండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
పదవీ విరమణ చేసిన అకౌంట్స్ ఉద్యోగిని